నెట్ ఆపడం సరే, కంపెనీలను అడిగేదెవరు?

వాట్సాప్, ఫేస్‌బుక్‌ల మీద ప్రభుత్వ నియంత్రణ ఉండాలా? ఉండాలనే అంటాను. అయితే ఆ బరువు కంపెనీల మీద పడాలి. ఇప్పుడు పడుతున్నది ఎక్కువగా జనం మీదే.

ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడి వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. చుట్టాలు అటూ ఇటూ ఉంటారు, ఫ్యామిలీ గ్రూపులూ అంతే. తెలుగులో పుట్టిన పుకారుకు రాష్ట్రం హద్దు తెలీదు. గొడవ జరిగితే ప్రభుత్వం మాత్రం ఫలానా జిల్లా అని రాసి నెట్ ఆపేస్తుంది. ఒడిశాలోనే 2023 ఏప్రిల్‌లో సంబల్‌పూర్‌లో, 2025 డిసెంబర్‌లో మల్కన్‌గిరిలో అదే చేశారు. నెట్ లేకపోతే కూరగాయల బండి దగ్గర ఫోన్‌పే పనిచేయదు. ఆన్‌లైన్ దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు తేదీ అయితే చదువుకునే పిల్లకు ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. పుకారు లేపినవాడు హద్దు అవతల ఉంటే వాడి ఫోన్ ఆగదు.

అలాగని పుకారును తేలిగ్గా తీసుకోలేం. 2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న అనుమానంతో సంచార జాతికి చెందిన ఐదుగురిని కొట్టి చంపారు. బతుకుతెరువుకు ఊరూరూ తిరిగే మనుషులు వాళ్లు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి తెచ్చింది. అందుకోసం ఎవరి మెసేజూ చదవలేదు, పాకే వేగం తగ్గించింది, అంతే. ఆ పని ముందే చేసి ఉండొచ్చు. చేయమని గట్టిగా అడిగిన చట్టం లేదు.

సోషల్ మీడియా కంపెనీలకు కేంద్రం పెట్టిన 2021 ఐటీ నిబంధనలు, అడిగినప్పుడు మెసేజ్ మొదట పంపిందెవరో చెప్పాలంటున్నాయి. దానికి నేను ఒప్పుకోను. ఒక్కడిని పట్టుకోవడానికి అందరి మాటల మీదా నిఘా గుర్తు వేయాల్సి వస్తుంది. ఏది తప్పు మాటో తేల్చే అధికారం సర్కారు చేతికిస్తే ఏమవుతుందో, నెట్‌లో నొప్పించే మాట రాస్తే నేరమన్న ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌తో చూశాం. 2015లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా పోస్టులు పెట్టినందుకే మనుషుల్ని అరెస్టు చేశారు.

అడగాల్సింది వేరే ఉంది. ఇక్కడి కుర్రాళ్లు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యమధ్య ఒడియా కలిపి టైప్ చేస్తారు. అలాంటి విద్వేష పోస్టు మీద రిపోర్ట్ కొడితే అవతల చదివి అర్థం చేసుకునే మనిషి ఉన్నాడా? పెద్ద కంపెనీలు నెలనెలా నివేదిక ఇవ్వాలని ఆ 2021 నిబంధనల్లోనే ఉంది. కానీ భాషలవారీ లెక్క అడగలేదు. తెలుగులో ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఒడియాలో ఎన్ని, చూసే మనుషులెందరు, ఎన్ని గంటల్లో తేల్చారు? ఈ లెక్క తప్పనిసరి చేసి, ఇవ్వని కంపెనీకి జరిమానా వేయాలి.