నిల్ ఈసీని నమ్మి ఇల్లు కొంటే

ఇల్లు కొనే మధ్యతరగతి కుటుంబం రెండు కాగితాలను ప్రాణప్రదంగా నమ్ముతుంది. ఒకటి రిజిస్టరైన సేల్ డీడ్, రెండోది ఆస్తిపై ఏ భారమూ లేదని రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే నిల్ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). ఈ రెండూ బీరువాలో భద్రంగా ఉన్నా ఆ ఇల్లు అప్పటికే బ్యాంకు తాకట్టులో ఉండవచ్చునన్న సంగతి, గోడకు స్వాధీన నోటీసు అంటించిన రోజున గానీ చాలామందికి తెలియదు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుందే తప్ప హక్కుకు పూచీ పడదు. ఇది తెలిసిన విషయమే. అసలు చిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్‌లో ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణంలో, అప్పుకు హామీగా హక్కుపత్రాలను బ్యాంకుకు అప్పగిస్తే చాలు, రాతకోతలూ రిజిస్ట్రేషనూ లేకుండానే తాకట్టు పూర్తవుతుంది. అప్పగింత మెమొరాండాన్ని రిజిస్టరు చేయిస్తేనే అది ఈసీలో కనిపిస్తుంది. చేయించకపోతే ఈసీ నిల్ అనే వస్తుంది. ఈసీ ఇచ్చిన గుమాస్తా తప్పేమీ లేదు, ఆయన రికార్డులో ఉన్నది అంతే.

మోసగాళ్లకు ఇదే సందు. అసలు దస్తావేజులు బ్యాంకులో ఉండగానే సర్టిఫైడ్ కాపీ తీసుకుని, అసలువి పోయాయని పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు నకలు, పత్రికలో వేయించిన చిన్న ప్రకటన జతచేసి బేరం పెడతారు. వారు వాయిదాలు ఎగ్గొడితే, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, సివిల్ కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనానికి వస్తుంది. జీవితకాలపు పొదుపు పోసి కొన్నవారు రుణ వసూళ్ల ట్రిబ్యునల్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇలాంటి తాకట్లను నమోదు చేయడానికే 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ వచ్చింది. కొద్దిపాటి రుసుముతో ఎవరైనా అందులో వెతకవచ్చు. బ్యాంకులకు ఈ సంగతి తెలుసు, రొక్కం పెట్టి కొనే కుటుంబానికి ఆ పేరే తెలియదు. ఈసీ పత్రంలోనే సెర్సాయ్ వివరం ఎందుకు ముద్రించకూడదు?

దీనికి ఎదురుగా, హక్కులు తేల్చడానికి సబ్ రిజిస్ట్రార్ న్యాయమూర్తి కాదన్న వాదన ఉంది. తమిళనాడుకు చెందిన ఒక కేసులో 2025లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. హక్కులను అధికారులు తేలుస్తారన్న భయంతోనే ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టాన్ని జనం వ్యతిరేకించారు, 2024లో అది రద్దయింది. ఆ భయం న్యాయమైనదే. అయితే నేను కోరుతున్నది తీర్పు కాదు, ప్రభుత్వ రిజిస్ట్రీలో ఇప్పటికే ఉన్న సమాచారం.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి సుమారు ఏడున్నర శాతం. 60 లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు వసూలు చేసి, నష్టం మొత్తాన్ని కొన్నవారి నెత్తిన పెట్టే పద్ధతి తాకట్లతో ఆగడం లేదు. 2024లో హైదరాబాద్‌లో ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా చెరువుల పరిధిలోని కట్టడాలను కూల్చినప్పుడు, రిజిస్ట్రేషన్ కాగితాలు పట్టుకుని కెమెరాల ముందు విలపించిన కుటుంబాలను చూశాం. ఆ సర్వే నంబరు చెరువు ఎఫ్‌టీఎల్‌లో (నిండినప్పుడు నీరు చేరే హద్దులో) ఉందో లేదో చెప్పే పటం నీటిపారుదల శాఖ దగ్గర, తాకట్టు వివరం సెర్సాయ్ దగ్గర, రుసుము వసూలు మాత్రం రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర ఉంటే కొనేవారు ఎన్ని గుమ్మాలు ఎక్కాలి? ఈ వివరాలన్నీ ఒకే ఈసీలో కనిపించాలి, ఆ ఈసీ తప్పని తేలితే కట్టిన రుసుము మొత్తం ప్రభుత్వం తిరిగి చెల్లించాలి.