ఒకటి, మూడు, నాలుగు, రెండు

ఆయుధ పూజ మర్నాడు చెన్నై పశ్చిమ మాంబళంలో మా బాబాయి పద్మిని కారు స్టార్టయితే అయింది గానీ, ఒళ్లంతా ఒకటే వణుకు. యాక్సిలరేటర్ తొక్కితే కార్బురేటర్‌లోంచి టప్‌టప్‌మని దగ్గు. 1089 సీసీ బండి ఆటోని కూడా దాటలేకపోయింది.

"పెట్రోల్లో ఇథనాల్ కలిపేస్తున్నారుగా, అదే!" అని బాబాయి తేల్చేశాడు. ఈ మధ్య ఏ బండికి ఏ రోగమొచ్చినా పాపం దాని నెత్తినే.

పుదుపేట నుంచి మెకానిక్ వచ్చాడు. పాయింట్లు గీకి, ఫీలర్ గేజ్ పెట్టి గ్యాప్ సరిచేసి, కండెన్సర్ మార్చాడు. వణుకు వణుకే. ఇక ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూడటం మొదలెట్టాడు. ఒకటోది పీకితే ఇంజిన్ ఆగిపోబోయింది. నాలుగోదీ అంతే. రెండు, మూడు పీకితే మాత్రం దానికి చీమ కుట్టినట్టయినా లేదు, అంటే ఆ రెండు సిలిండర్లూ ముందే పడుకున్నాయి. "బ్యాటరీ 12 వోల్టులేగా" అంటూ బాబాయి ఓ చెయ్యి వేశాడు. ఆ 12ని కాయిల్ వేలల్లోకి పెంచుతుందని ఆయన మోచేతికి వెంటనే తెలిసొచ్చింది. ఆ తర్వాత కాఫీ ఎడమ చేత్తో తాగాడు.

మెకానిక్ ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ వైపు వంగి చూసి, "ఇది ఎవరు తాకింది సార్?" అన్నాడు.

వరండాలో పేపరు పైకి లేచింది. దాని వెనక మా పెదనాన్న. బాబాయికి పెద్ద తోడల్లుడు, నెల్లూరులో రిటైరైన ఆడిటర్, పండక్కొచ్చాడు. పూజకని వైర్లు తుడుస్తూ టేపుల మీది అంకెలు చూశాడట: 1, 3, 4, 2. ఓచర్లలో ఒక్క నంబరు అటూఇటూ అయితే ఆఫీసంతా వెతికించిన మనిషి. ఊరుకుంటాడా? మూడు తీసి రెండు పెట్టాడు, రెండు తీసి మూడు పెట్టాడు. నాలుగు సంగతి చూసేలోపు పిన్ని పెసరట్లకి పిలిచింది.

"ఫైరింగ్ ఆర్డరే అది సార్, సిలిండర్లు మండే వరస. ఇప్పుడు రెండుకీ మూడుకీ క్రాంకు, అదే ఇంజిన్ ఇరుసు, ఒక చుట్టు తేడాలో స్పార్క్ పడుతోంది. నాలుగు కూడా సర్దేసుంటే బండి స్టార్టే అయ్యేది కాదు."

"చూశారా, నా పెసరట్టే కాపాడింది" అంది పిన్ని.

"అన్నయ్యగారూ..." అని బాబాయి నసిగాడు. పెదనాన్న నింపాదిగా లేచొచ్చి, మెకానిక్ చేతిలోని బిల్లు అందుకుని కళ్లజోడు సవరించుకున్నాడు.

"తప్పు వైర్లదైతే, కండెన్సర్‌కి డబ్బులెందుకయ్యా?"