పోర్చుగల్‌లో సముద్రాన్ని ఆఖరికి దాచుకోండి

2025 జనవరి 1 నుంచి పోర్చుగల్ లోపలి జిల్లాల్లో కొన్ని హైవేల మీద టోల్ ఎత్తేశారు. ఉత్తరాన స్పెయిన్ సరిహద్దు దగ్గరి షావెస్ నుంచి విజెవు దాకా దిగే ఏ24 కూడా వాటిలో ఉంది. అక్కడి జనానికి ఇది న్యాయమే. ఉద్యోగాలు, పెద్ద ఆస్పత్రులు సముద్రం వైపున్న లిస్బన్, పోర్తోల చుట్టూ చేరాక, కొండల్లో మిగిలినవాళ్లు అక్కడికి వెళ్లడానికి ఎదురు డబ్బు కట్టడమేమిటి? కాకపోతే, ఆ హైవేకి అటూ ఇటూ మెలికలు తిరుగుతూ ఊళ్ల మధ్య నుంచి పోయే పాత రోడ్డు ఒకటుంది. హైవే ఉచితమయ్యాక ఆ రోడ్డెక్కడానికి ఇప్పుడు ఇష్టం తప్ప వేరే కారణం లేదు. బైపాస్ పడ్డాక ఊరి మధ్య టిఫిన్ హోటళ్లు ఏమవుతాయో మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఆ రోడ్డు పేరు ఎన్2. 1945 నాటి జాతీయ రోడ్ల ప్రణాళికలో దానికా నంబరు వచ్చింది. షావెస్‌లో సున్నా కిలోమీటరు రాయి, దక్షిణ తీరాన ఫారోలో చివరి రాయి, మధ్యలో దాదాపు 739 కిలోమీటర్లు, 35 మున్సిపాలిటీలు. పోర్చుగల్ మన తెలంగాణ కంటే చిన్నది. పంతం పట్టి తోలితే తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి ఫారో చేరొచ్చు. అలా తోలొద్దనే నేను చెప్పేది. వారం రోజులైనా పెట్టుకోండి.

తీరదేశానికి వెళ్లి ఇన్ని రోజులు సముద్రం కనబడని దారిలో తిరగడమేమిటని అడగొచ్చు. మనవాళ్ల యూరప్ ట్రిప్పు లెక్క తెలిసిందే. షెంగెన్ వీసా కోసం పడిన టెన్షన్, బతిమాలి తెచ్చుకున్న సెలవు, పెట్టిన ఖర్చు, ఇవన్నీ కలిసి పది రోజుల్లో ఐదు దేశాలు చుట్టేయమంటాయి. పోర్చుగల్ వాటాకి లిస్బన్ ట్రామ్, పోర్తో వంతెన, అల్గార్వ్ బీచ్ వస్తాయి. అవి బాగుండవని కాదు. ఆ తీరం అంత కిటకిటలాడటానికి కారణం మాత్రం లోపల ఖాళీ అయిన ఊళ్లలో ఉంది. అది చూడకుండా వస్తే దేశంలో సగమే చూసినట్టు.

పెజు ద రేగువా దగ్గర రోడ్డు దోరు నదిని దాటుతుంది. పలకరాతి కొండల్ని మెట్లుగా చెక్కి ద్రాక్ష పండించే ఈ లోయకు 1756లోనే ప్రభుత్వం సరిహద్దులు గీసి, పోర్ట్ వైన్ ఇక్కడి ద్రాక్షతోనే చేయాలంది. ఇక్కడ వైన్‌ను కొలిచే పెద్ద పీపాను 'పీపా' అనే అంటారు. మన మాట వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందే. మేస్త్రీ, అల్మరా, ఇస్త్రీ కూడా అలా ఓడెక్కి వచ్చినవే.

ఇంకా కిందికి దిగితే సాంత కోంబ దావ్ వస్తుంది. దేశాన్ని దశాబ్దాల పాటు గుప్పిట్లో పెట్టుకున్న నియంత సలజార్ పుట్టింది ఆ ఊరి పక్కనే. ఆ తర్వాత పెద్రోగావ్ గ్రాండ్ పరిసరాలు. కారు నిదానంగా పోవాల్సింది ముఖ్యంగా ఇక్కడే. 2017 జూన్‌లో ఇక్కడి అడవి అంటుకుని 66 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది పక్కనున్న 236-1 రోడ్డు మీద మంటల నుంచి తప్పించుకోబోయినవాళ్లే. ఆ రోజు ఎండ, గాలి ఎంత తీవ్రంగా ఉన్నా, దాని వెనక పాత కథ ఉంది. యువకులు తీరానికీ, ఫ్రాన్స్‌కీ వలసపోయారు. మేకలు మేయక, పొలాలు దున్నక పొదలు పెరిగాయి. కాగితం గుజ్జు కోసం వేసిన యూకలిప్టస్ దేశంలో మరే రకం చెట్టుకూ లేనంత విస్తీర్ణంలో పాకింది. ఖమ్మం వైపు జామాయిల్ తోటలు చూసినవాళ్లకు ఆ నిటారు వరసలు, ఆ వాసన కొత్తకాదు. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోతే ఇదంతా అందమైన పచ్చదనంలాగే కనిపిస్తుంది.

ఈ ఊళ్ల మున్సిపాలిటీలు 2016లో ఒక సంఘం పెట్టుకుని ఎన్2ను పర్యాటక దారిగా మార్చే పని మొదలుపెట్టాయి. చిన్న పాస్‌పోర్టు పుస్తకం కొనుక్కుని, ప్రతి ఊళ్లో ముద్ర వేయించుకుంటూ పోవాలి. టూరిజం ఆఫీసులోనే కాదు, కాఫీ కొట్లో, ఫైర్ స్టేషన్లో కూడా ముద్ర వేస్తారు. ఆలోచన మంచిదే. ఒక కాఫీ అమ్ముడవుతుంది, నాలుగు మాటలు దొర్లుతాయి. కానీ మనిషి చేతికి ఖాళీ గడులున్న పుస్తకమిస్తే ఏం చేస్తాడు? నింపడానికి పరుగెత్తుతాడు. రెండు రోజుల్లో ముద్రలన్నీ పూర్తిచేశామని ఫొటో పెట్టే బైకర్లు బయల్దేరతారు. నిదానం కోసం పెట్టిన పథకమే పందెమైపోతుంది. నన్నడిగితే ముద్రలు లెక్కపెట్టడం మాని, ఆ ఊళ్లలో ఎన్ని రాత్రులు పడుకున్నారో లెక్కపెట్టాలి. రాత్రి ఆగినవాడే అక్కడ భోంచేస్తాడు, గది అద్దె కడతాడు, పొద్దున్నే బేకరీలో రొట్టె కొంటాడు. డబ్బు ఊళ్లో నిలిచేది అలాగే.

మనవాళ్లకు ఇంకో చిక్కు, అక్కడ కుడి పక్కన తోలాలి. 1928 దాకా వాళ్లూ ఎడమ పక్కనే తోలేవాళ్లు. ఆ ఏడాది మారినా, చుట్టూ ఉన్న బ్రిటిష్ ఇండియాతో పొసగదని గోవాను మాత్రం ఎడమకే వదిలేశారు. ఏమైనా మొదటి రెండు రోజులు రౌండ్‌అబౌట్ల దగ్గర నిదానమే ప్రధానం.

తేజు నది దాటి దక్షిణాన అలెంతేజు ప్రాంతంలోకి వస్తే రోడ్డు తిన్నగా సాగుతుంది, తొందర పుడుతుంది. ఇక్కడ కారు ఆపి, చెట్లు చూడండి. బెండు ఓక్ చెట్లివి. సీసా బిరడాల కోసం వీటి బెరడు ఒలుస్తారు. నాటిన పాతికేళ్లకు గానీ మొదటి ఒలుపు ఉండదు, ఆ తర్వాత కనీసం తొమ్మిదేళ్లు ఆగాలి. ఒలిచిన ఏడాది చివరి అంకెను మాను మీద తెల్ల రంగుతో రాస్తారు. 4 అని ఉంటే, 2024లో ఒలిచిన చెట్టు. మళ్లీ 2033లోనే దాని మీద కత్తి పడేది. ఫారో ఇంకా రెండు రోజులు.