డిసెంబర్లో బండికి ముసుగేస్తారా ఎవరైనా?

డిసెంబరు రాగానే మన హైదరాబాద్ కార్ల గ్రూపుల్లో ఈ మధ్య ఓ కొత్త వేడుక మొదలైంది. కోకాపేటలోనో నార్సింగిలోనో ఉండే ఒకాయన తన టర్బో బండికి ‘వింటర్ స్టోరేజ్’, అంటే చలికాలమంతా నడపకుండా మూసిపెట్టే ఏర్పాటు, చేయించానని ఫోటోలు పెడతాడు. నల్లటి కవరు, టైర్ల కింద రబ్బరు దిమ్మలు, బానెట్ సందులోంచి బయటికొచ్చిన చార్జర్ వైరు. కింద ‘సూపర్ అన్నా’, ‘ప్యాకేజీ ఎంత అన్నా’ అని కామెంట్లు. బయటికెళ్లి చూస్తే ఏముంది? మధ్యాహ్నం 28 డిగ్రీల ఎండ, పొడి రోడ్డు. ఇలాంటి బండిని హాయిగా నడుపుకునే కాలం ఏడాదిలో ఏదైనా ఉందంటే అది ఇదే. దీన్నే ఏరికోరి పట్టుకుని బండిని మూలకు తోస్తున్నాం.

నాకు మంట ఎక్కడంటే, ఈ పెద్దమనిషే జూలైలో అదే బండిని షేక్‌పేట దగ్గర మోకాలిలోతు నీళ్లలో ఈదించుకుంటూ వీడియో పెట్టాడు.

వింటర్ స్టోరేజ్ ఉత్త షోకు అని నేననట్లేదు. అమెరికాలో మిషిగన్‌లో ఉండే మా బావ ఏటా నవంబరులో తన మస్టాంగ్‌ని గరాజ్‌లో పెట్టేస్తే మళ్లీ ఏప్రిల్ దాకా ముట్టుకోడు. ఆయనకు కారణాలున్నాయి. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్లు బండి అడుగున చేరి ఇనుమును తినేస్తాయి. 7 డిగ్రీల కంటే చల్లబడితే సమ్మర్ టైర్ల రబ్బరు గట్టిపడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. చార్జి దిగిపోయిన బ్యాటరీలో ద్రవం గడ్డకట్టి డబ్బా పగులుతుంది. కూలెంట్‌లో గడ్డకట్టకుండా ఆపే గ్లైకాల్ శాతం తక్కువైతే ఇంజిన్ బ్లాకుకే ఎసరు. జర్మనీలో అయితే ఏడాదిలో కొన్ని నెలలకే చెల్లే నంబర్ ప్లేట్లు కూడా ఇస్తారు, మిగతా నెలలు ఆ బండి రోడ్డెక్కకూడదు. వాళ్ల చలి, వాళ్ల రోడ్లు, వాళ్ల లెక్క.

మన చలి ఎంత? మామూలుగా రాత్రిపూట 14, 15 డిగ్రీలు. ఏ పటాన్‌చెరులోనో, రాజేంద్రనగర్‌లోనో పది లోపుకి దిగితే మర్నాడు పేపర్లో వార్త. అసలు చల్లగాలి ఇంజిన్‌కి మంచిది. గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ప్రతి గుక్కలో ఆక్సిజన్ ఎక్కువ వెళ్తుంది, టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి శ్రమ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఆపసోపాలు పడ్డ బండి, సంక్రాంతి ముందు ఓ పొద్దున ఎలా లాగుతుందో చూడండి. దానికి ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాటక్కర్లేదు, ర్యాంపు ఎక్కేటప్పుడే తెలిసిపోతుంది. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగిందీ ఫిబ్రవరిలోనే. జూలైలో పెట్టుంటే పడవలు తెప్పించాల్సొచ్చేది.

మన బండి మూలకు చేరాల్సింది వానాకాలంలో. మృగశిర కార్తెకు నాంపల్లిలో చేప మందు కోసం జనం లైను కట్టే రోజులకు మూసిపెట్టి, దసరాకు నిమ్మకాయలు తొక్కించడానికి బయటికి తీస్తే లెక్క సరిపోతుంది. ఇక్కడ బండిని పాడుచేసేది మంచు కాదు, చెమ్మ. ఆ మూడు నాలుగు నెలల కోసం చేయాల్సిన పనులు వేరు, మనవాళ్లు వీడియోలు చూసి డిసెంబర్లో చేస్తున్న పనులు వేరు.

ముందు ఎక్కడ పెడుతున్నాం అన్నది చూసుకోవాలి. సెల్లార్ కదా, సేఫ్ అనుకుంటాం. 2020 అక్టోబరు 13 రాత్రి వాన గుర్తున్నవాళ్లెవరూ ఆ మాట అనరు. ఆ వారం నగరంలో సెల్లార్లే చెరువులయ్యాయి. కింది సెల్లార్లో స్లాట్ ఉన్నవాళ్లు ఆ నాలుగు నెలలకైనా పై అంతస్తులో స్లాట్ ఉన్న పొరుగువాళ్లను బతిమాలుకుని మార్చుకోండి, వాళ్లు పాత ఆల్టో కింద పెట్టుకుంటారు. ఇలాంటి బండ్లు నేలకు ఆనుకుని ఉంటాయి, చాలావాటికి గాలి లాక్కునే గొట్టం ముందు బంపర్ దగ్గరే. నీళ్లు అక్కడిదాకా వచ్చాయని ఏమాత్రం అనుమానమున్నా సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లోకి నీళ్లు చేరితే అవి గాలిలా నలగవు. పిస్టన్ పైకి వచ్చేసరికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలు సాధారణంగా ఈ ఖర్చు ఇవ్వవు, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ విడిగా తీసుకోవాలి. టో ట్రక్కు పిలిపించడమే చవక.

ఇక ఇంటింటా జరిగే ఘోరం. వాచ్‌మన్ చేతికి తాళం ఇచ్చి ‘రోజూ పొద్దున ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి పెట్టు’ అని చెప్పి ఊరెళ్లిపోవడం. పాపం ఆయన నమ్మకంగా చేస్తాడు కూడా. పెట్రోలు కాలితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కితే అది బయటికి పోతుంది, ఐదు నిమిషాల్లో ఆపేస్తే సైలెన్సర్‌లో, ఇంజిన్ ఆయిల్‌లో మిగిలిపోతుంది. చల్లటి ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కాలకుండా మిగిలిన కాస్త సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. పోనీ బ్యాటరీ కోసమా అంటే, సెల్ఫ్‌కి ఖర్చయిన చార్జి కూడా ఆ ఐదు నిమిషాల్లో పూర్తిగా తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. మీటర్లో కూలెంట్ ముల్లు మధ్యకొచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకా టైం పడుతుంది. తీస్తే రోడ్డు మీద అరగంట నడపండి. లేదా అసలు తాళమే తిప్పకండి. మధ్యేమార్గం లేదు. వాచ్‌మన్‌కి నిజంగా పని చెప్పాలనుంటే, వాన పడితే ఫోన్ చేయమనండి.

బ్యాటరీకి కావాల్సింది మెయింటైనర్, అంటే చార్జి దిగకుండా కొద్దికొద్దిగా ఎక్కించే చార్జర్. దానికి ప్లగ్ పాయింట్ కావాలి. సెల్లార్లో ప్లగ్ పాయింట్ అనగానే అపార్ట్‌మెంట్ అసోసియేషన్, కరెంటు బిల్లు, ‘ఇవాళ మీకిస్తే రేపు అందరూ అడుగుతారండీ’... మీకూ తెలిసిందే. కుదరకపోతే బ్యాటరీ ఫుల్ చార్జి చేసి, 12.6 వోల్టులు చూపిస్తోందా చూసుకుని, నెగెటివ్ టెర్మినల్ విప్పేయండి. ఒక్క జాగ్రత్త. కొన్ని బండ్లలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, డిక్కీ తెరుచుకునేదేమో కరెంటు లాక్‌తో. వైరు విప్పి మూత వేశారో, బ్యాటరీ లోపల, మీరు బయట. మూత వేసేముందు మాన్యువల్ తీసి, చేత్తో తెరిచే దారేదో చూసుకోండి.

పెట్రోలు సంగతి ఇప్పుడు మరీ ముఖ్యం, ఎందుకంటే బంకుల్లో మనకు దొరికేది ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ సగంలో ఉండేది వానాకాలపు గాలే. నీళ్ల శాతం మరీ ఎక్కువైతే అది ఇథనాల్‌తో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది, పంపు లాగేది ఆ అడుగు నుంచే. ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలనే పెద్దలున్నారు, నేను ఒప్పుకోను. నిండుగా కొట్టించి, పెట్రోలు పాడవకుండా ఆపే ఫ్యూయల్ స్టెబిలైజర్ పోసి, అది ఇంజెక్టర్ల దాకా చేరేలా ఓ పది కిలోమీటర్లు నడిపి పెట్టండి. అదే చేత్తో ఆయిల్ కూడా మార్పించండి. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు, తేమ ఉంటాయి, నెలల తరబడి బేరింగులు వాటిలో నానడం దేనికి?

బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీల్చేదే. డాట్ 4 కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. అనంతగిరి ఘాట్ దిగుతున్నప్పుడు పెడల్ మెత్తబడితే అప్పుడు గుర్తొస్తుంది. రెండేళ్లకోసారి మార్పించాలి, నడిపినా నడపకపోయినా. హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేయకండి, బ్రేక్ ప్యాడ్లు రోటర్‌కి, అంటే బ్రేక్ డిస్కుకి, పట్టేస్తాయి. గేర్లో పెట్టి టైర్లకు అడ్డాలు వేయండి. టైర్లలో గాలి నాలుగైదు పాయింట్లు ఎక్కువ కొట్టిస్తే చాలు, ఆ రబ్బరు దిమ్మల మీద ఖర్చు అనవసరం.

ఎలుకలు! ఏ విదేశీ వీడియోలోనూ హైదరాబాద్ సెల్లార్ ఎలుక గురించి సరిగ్గా చెప్పరు. వినాయక చవితికి మనం స్వామికి ఉండ్రాళ్లు పెడుతుంటే, ఆయన వాహనం కింద మన వాహనం వైర్లు కొరుకుతుంటుంది. ఎయిర్ ఇన్‌టేక్‌కి, సైలెన్సర్ మూతికి సన్నని స్టీలు జాలీ బిగించండి. సీట్ల కింద చిప్స్ ముక్కలు లేకుండా వాక్యూమ్ పెట్టించండి. బండి లోపల మాత్రం ఎలుకల మందు పెట్టొద్దు. అది తిన్న ఎలుక బ్లోయర్ గొట్టంలోకి దూరి చస్తే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. జాలీ పెట్టిన సంగతి గుర్తుండేలా స్టీరింగ్‌కి ఓ ఎర్ర గుడ్డ కట్టండి.

కవరు ప్లాస్టిక్‌దైతే వద్దే వద్దు, లోపల చెమ్మ చేరి లెదర్ సీట్ల మీద బూజు పడుతుంది. గాలి ఆడే గుడ్డ కవరు కొనండి, అదీ బండి కడిగి బాగా ఆరాకే వేయండి, లేదంటే దుమ్ము గీతలు పెయింట్ మీద పడతాయి. చివరి రైడ్‌లో ఇంటికి చేరేముందు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం నడవనివ్వండి, లోపలి కాయిల్ ఆరుతుంది.

ఒక షాపువాళ్లు డిసెంబరు ప్యాకేజీలో మా ఫ్రెండ్‌కి మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టని కూలెంట్ పోశామని గొప్పగా చెప్పారట. ఎవరి కోసం, గోల్కొండ మీద మంచు పడుతుందనా? కూలెంట్ మనకూ కావాలి, కానీ తుప్పు పట్టకుండా, మరగకుండా ఉండటానికి. బోరు నీళ్లు పోయకుండా ఉంటే అంతే చాలు.

ఇప్పటికే ముసుగేసినవాళ్లు ఈ ఆదివారం పొద్దున్నే తీసేయండి. ముందు జాలీలు, అడ్డాలు తీయండి, టైర్లలో గాలి మామూలుకి దించండి. మొదటి కిలోమీటరు బ్రేకులు గరగరమంటాయి, రోటర్ మీది తుప్పు పొరే అది, మెల్లగా నొక్కుతూ పోతే రాలిపోతుంది. ఆయిల్ వేడెక్కేదాకా ఇంజిన్‌ని అరిపించకండి. బయల్దేరేముందు ఇన్సూరెన్స్ తేదీ మాత్రం చూసుకోండి. బండి నడవట్లేదు కదా అని రెన్యువల్ వదిలేసినవాళ్లు నాకే చాలామంది తెలుసు, గడువు తీరి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా పోతుంది.