టీవీ వెనుక కొలువులో ఉన్న చిన్న కంప్యూటర్ గారికి

నల్లగొండ,
నడి ఎండాకాలం.

మా హాలులోని షోకేసులో, టీవీ వెనుక కొలువుదీరిన మహారాజశ్రీ చిన్న కంప్యూటర్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. తమరు క్షేమంగానే ఉన్నారని తమ ఫ్యాన్ చేస్తున్న చప్పుడును బట్టి పక్కింటివారికి సైతం తెలుస్తున్నది కనుక ఆ సంగతి విడిగా అడగడం లేదు.

తమ పూర్వాశ్రమం మాకు తెలియనిది కాదు. ఏదో ఆఫీసులో మానిటర్ వీపుకు నాలుగు స్క్రూలతో అంటిపెట్టుకొని, ఎక్సెల్ షీట్లు తెరుస్తూ మూస్తూ సర్వీసు పూర్తి చేసుకున్న తమరు, సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు చేరి, ఒళ్లు తుడిపించుకొని, కొత్త ఎస్ఎస్‌డీ పెట్టించుకొని, రిటైరైన గుమాస్తా కాంట్రాక్టు పద్ధతిలో మళ్లీ కొలువుకు వచ్చినట్లు మా ఇంటికి వచ్చారు. ఒళ్లంతా కలిపి ఒక్క లీటరు ఘనపరిమాణమే అయినా సెట్‌టాప్ బాక్సు, డీవీడీ ప్లేయరు, పాటల పెట్టె చేసే పనులన్నీ తమరొక్కరే చేస్తారని అమ్మినవారు హామీ ఇచ్చారు. ఇప్పుడు షోకేసులో అవన్నీ ఎక్కడివక్కడే ఉండగా, వాటికి తోడు తమరు, తమకంటే కాస్తే చిన్నదైన తమ అడాప్టరు, తమ కీబోర్డు, తమ మౌసు కూడా చేరాయి. “ఒక్క టీవీకి గిన్ని డబ్బాలేందిరా?” అని మా అమ్మ అడిగితే తమ తరఫున జవాబు చెప్పే బాధ్యత మాత్రం నా మీద పడింది.

తమ వంశం గొప్పదే, కాదనడం లేదు. 2001లో వయా కంపెనీ 17 సెంటీమీటర్ల చదరపు మదర్‌బోర్డును తెచ్చినప్పుడు, 2005 జనవరిలో యాపిల్ కంపెనీ మ్యాక్ మినీని చూపించినప్పుడు, ఆ తరువాత ఇంటెల్ సుమారు 10 సెంటీమీటర్ల బోర్డుతో నక్ అనే పెట్టెను అమ్మకానికి పెట్టినప్పుడు, ఇక కంప్యూటర్ ఆఫీసు గది వదిలి హాలులోకి రావడమే తరువాయి అని ప్రతిసారీ ఆశపడినవారున్నారు. అయితే 2002లో విండోస్ ఎక్స్‌పీకి టీవీ తెర మీద వాడుకోవడానికి మీడియా సెంటర్ అనే ప్రత్యేక రూపాన్నే తయారుచేసిన మైక్రోసాఫ్ట్, 2015లో విండోస్ 10 వచ్చేసరికి ఆ మీడియా సెంటర్‌ను తీసివేసింది. 2023లో ఇంటెల్ కూడా నక్ బాధ్యతను ఏసస్‌కు అప్పగించి పక్కకు తప్పుకుంది. కన్నవారే వదులుకున్న ఈ హాలు కొలువును తమరు ఇంత పట్టుదలతో అంటిపెట్టుకొని ఉండటం చూస్తే ముచ్చటగానే ఉంటుంది.

ఇక తమ పనితీరు. టీవీ రిమోట్ మీద నొక్కిన బటన్ సంగతిని హెచ్‌డీఎంఐ తీగ ద్వారానే పక్క పెట్టెకు చేరవేసే సీఈసీ అనే ఏర్పాటు ఒకటి ఉన్నది. 2012లో 35 డాలర్ల ధరకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్‌కు సైతం అది ఉండగా, తమబోటి ఆఫీసు పెట్టెల్లో చాలావాటికి లేదు. అందువల్ల మా అమ్మ రిమోట్ పక్కన పెట్టి, కీబోర్డును ఒడిలోకి తీసుకొని, బాణం గుర్తు తెర మీద ఏ మూలన దాగిందో వెతుక్కోవలసి వస్తున్నది. కరెంటు పోయి వస్తే సెట్‌టాప్ బాక్సు తనంతట తానే లేచి కూర్చుంటుంది. తమరు మాత్రం బయోస్ అనే తమ మూల అమరికల్లో ఆ మేరకు ముందస్తు ఆదేశం రాసి ఉంటేనే లేస్తారు, లేచిన వెంటనే పాస్‌వర్డ్ అడుగుతారు. సొంత ఇంట్లో సీరియల్ చూడబోయే మనిషిని తమరు ఎవరని ప్రశ్నించడం ఆఫీసు గేటు దగ్గర చెల్లుతుందేమో గానీ మా హాలులో చెల్లదు.

తమ మనసు నొచ్చుకుంటుందని తెలిసినా చెప్పక తప్పని సంగతి ఇంకొకటి ఉన్నది. టీవీ వెనుక రెండో రంధ్రంలో వేలాడుతున్న, నెట్ నుంచి ఓటీటీ సినిమాలు చూపే వేలెడంత స్టిక్‌ను తమరు చూసే ఉంటారు. బలంలో అది తమ కాలిగోటికి సరిపోదు. అయినా ఓటీటీ సినిమాలు దానిలో అంత స్పష్టంగానూ, తమలో ఇంత మసకగానూ కనిపించడానికి కారణం తమ అసమర్థత కాదు, తమ స్వేచ్ఛ. ఓటీటీ కంపెనీలు సినిమాకు తాళం వేసి పంపుతాయి. గూగుల్‌కు చెందిన వైడ్‌వైన్ అనే తాళంలో, ఆ తాళం తీసి బొమ్మను విప్పే పని మొత్తం చిప్‌లోని రక్షిత భాగంలోనే జరిగితే దానిని ఎల్1 అంటారు. సాఫ్ట్‌వేర్‌లోనే జరిగిపోతే ఎల్3 అంటారు. స్టిక్‌లకు సాధారణంగా మొదటి హోదా, కంప్యూటర్ బ్రౌజర్లకు ఎక్కువగా రెండో హోదా దక్కుతాయి. ఎల్3 వారికి పూర్తి స్పష్టత ఇవ్వడానికి చాలా సేవలు ఒప్పుకోవు. యజమాని తన ఇష్టం వచ్చిన ప్రోగ్రామును నడుపుకోగలిగిన యంత్రం కనుక తమ మీద అనుమానం, చెప్పిన పని తప్ప మరొకటి చేయలేదు కనుక స్టిక్ మీద నమ్మకం. ఏ ఆఫీసులోనైనా కొంతకాలం పనిచేసినవారికి ఈ న్యాయం కొత్తది కాదు. ఇన్ని తాళాలు వేసినా పైరసీ ఆగలేదన్నది వేరే సంగతి.

తమ ఆరోగ్యం గురించి కూడా రెండు మాటలు. తమది ఆరవ తరం ఇంటెల్ ప్రాసెసర్. వీడియోను కుదించి పంపే కొత్త పద్ధతుల్లో, 10 బిట్ల హెచ్‌ఈవీసీ వీడియోను విప్పే సర్క్యూట్ ఏడవ తరం నుంచి, ఏవీ1 వీడియోను విప్పేది పదకొండవ తరం నుంచి వచ్చాయి. ఆ సౌకర్యం లేని తమరు ఆ చాకిరీనంతా ప్రాసెసర్ మీదనే వేసుకుంటే ఒళ్లు కాలుతుంది, ఫ్యాన్ రంకె వేస్తుంది, తమరు వదిలిన వేడిగాలి షోకేసు అద్దాల మధ్య తిరిగి తిరిగి తమ ముక్కులోకే వస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఈ ఊరిలో, ఏసీ గదుల్లో పెరిగిన తమకు ఇది కష్టకాలమే. పైగా తమ పాత హెచ్‌డీఎంఐ పోర్టు 4కె బొమ్మను సెకనుకు 30 సార్లకు మించి పంపలేదు.

అయినా ఒక్క విషయంలో తమకు సాటి ఎవరూ లేరు. 2002లో ఎక్స్‌బాక్స్ అనే ఆటల పెట్టె కోసం మొదలై 2014లో కోడీ అనే పేరు పెట్టుకున్న, వీడియోలు, పాటలు నడిపే సాఫ్ట్‌వేర్‌ను తమలో ఎక్కించి, పాత హార్డ్‌డిస్కును తగిలించిన నాటి నుంచి మా ఇంట్లో తమ పరువు కొంత నిలబడింది. టీవీ యూఎస్‌బీ పోర్టు మొహం మీదనే తిప్పికొట్టిన పెళ్లి డీవీడీల ఫైళ్లు, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో చుట్టాలు తలా ఒక ఫోనుతో తీసిన వీడియోలు, మా నాయిన క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న ఒగ్గు కథలు, అన్నింటినీ తమరు ఏ కంపెనీ అనుమతీ అడగకుండా, నెట్ లేకపోయినా, నడిపించారు. సెకనుకు 24 బొమ్మలతో తీసిన సినిమాను 60 సార్లు మెరిసే తెర మీద వేస్తే, ఒక బొమ్మ రెండుసార్లు, తరువాతిది మూడుసార్లు కనబడి, కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా కుదుపు వస్తుందని గుర్తించి, తెర వేగాన్నే సినిమాకు తగ్గట్టు మార్చే మర్యాద కూడా తమకు ఉన్నది. మూడు గంటల పెళ్లి వీడియోను ఎక్కడా ఆగకుండా నడిపి, రాత్రికి ఉండిపోదామనుకున్న చుట్టాలను కూడా చివరి బస్సుకు బయలుదేరదీసిన తమ సేవను ఈ సందర్భంగా ప్రత్యేకంగా అభినందిస్తున్నాము.

కావున ఈ ఇంటి పెద్ద అయిన మా అమ్మ నోటిమాటగా ఇచ్చిన ఉత్తర్వుల మేరకు తెలియజేయునది ఏమనగా, సీరియళ్లు, ఓటీటీ సినిమాల శాఖ నేటి నుంచి స్టిక్ గారికి బదిలీ అయినది; హార్డ్‌డిస్కు శాఖ పూర్తిగా తమ అధీనంలోనే ఉంటుంది. అప్‌డేట్లు పెట్టుకొని తమంతట తాము రీస్టార్ట్ కావడం అందరూ పడుకున్న తరువాతనే జరగాలి. షోకేసు అద్దం ఇకపై తెరిచే ఉంచుతాము. ఇన్వర్టర్ లైన్‌లో తమకు ఇచ్చిన ప్లగ్గును మాత్రం వానలు పడేదాకా కూలర్‌కు కేటాయించడమైనది. ఈ నిర్ణయంపై అప్పీలు లేదు.

ఇట్లు,
తమ కీబోర్డు బ్యాటరీలు మార్చే బాధ్యత గల,
ఇంటి పెద్దకొడుకు.