ఏకగ్రీవమట, సగం మంది బయట

శిష్యుడు: మాస్టారూ, జపాన్‌లో బిల్లు పార్లమెంటుకు చేరేసరికే దాని జాతకం రాసేసి ఉంటుంది. దశాబ్దాల తరబడి ఏలిన లిబరల్ డెమోక్రటిక్ పార్టీలో విధాన పరిశోధన మండలి, ఆపైన సాధారణ మండలి సరేనంటేనే మంత్రివర్గం ముందుకు కదిలేది. ఇక సభ ఎందుకు?

మాస్టారు: 1962లో సాధారణ మండలి అధ్యక్షుడు అకాగి మునెనోరి ప్రభుత్వానికి లేఖ రాశాడు, మంత్రివర్గ నిర్ణయానికి ముందే బిల్లులు మాకు చూపించండని. ఆ అడ్డు లేకపోతే అధికారులు రాసిందే చట్టం అబ్బాయీ. విధాన పరిశోధన మండలిలో ఒక్కో మంత్రిత్వ శాఖకు ఒక్కో విభాగం ఉంది. నిన్న గెలిచిన సభ్యుడు కూడా అక్కడ శాఖాధికారిని ఎదురుగా కూర్చోబెట్టి నిలదీయగలడు.

శిష్యుడు: ఎవరి తరఫున? వరి రైతుల సంఘాలు, రోడ్ల గుత్తేదారుల తరఫున! ఒకే విభాగంలో పాతుకుపోయినవాళ్లను అక్కడ ‘జోకు’ సభ్యులంటారు. తెగ అని అర్థం. మనకు నవ్వొస్తుంది గానీ, బియ్యం కొనుక్కునే అక్కడివాళ్లకు రాదు.

మాస్టారు: రైతు ఓటు అడిగినవాడు రైతు మాట మోయడం నేరమా? 2009లో గెలిచిన ప్రత్యర్థి డెమోక్రటిక్ పార్టీ నీలాగే ఆలోచించి తన విధాన మండలిని ఎత్తేసింది. మంత్రి పదవి రాని సభ్యులకు నోరు విప్పే చోటు లేకుండా పోయింది. మరుసటి ఏడాదే ఆ పార్టీ ప్రధాని నవోతో కాన్ దాన్ని తిరిగి పెట్టాడు.

శిష్యుడు: 2005 సంగతి చెప్పరేం? సాధారణ మండలిలో ఏకగ్రీవం ఆనవాయితీ కదా. తపాలా ప్రైవేటీకరణకు లిబరల్ డెమోక్రటిక్ ప్రధాని కొయిజుమి దాన్ని పక్కనపెట్టి మెజారిటీ ఓటుతో కానిచ్చాడు. దిగువ సభలో 233-228తో గట్టెక్కిన బిల్లు ఎగువ సభలో ఓడింది. ఆయన దిగువ సభను రద్దుచేసి 296 స్థానాలతో తిరిగొచ్చాడు. గదిలో తెగని తగువు జనం తెంచారు.

మాస్టారు: ప్రతి బిల్లుకూ ఎన్నికలు పెడతావా? ఆ గదిలో మొహమాటం కూడా పనిచేస్తుంది. ఒప్పుకోనివాడు నిర్ణయం వేళ లేచి బయటికి నడుస్తాడు, ఏకగ్రీవం చెడదు.

శిష్యుడు: నా ఫిర్యాదే అది! ఆ తర్వాత పార్టీ కట్టుబాటు పేరుతో సభలో అతను చెయ్యెత్తాల్సిందే. అతని అభ్యంతరమేమిటో ఓటరుకు తెలిసే దారేది?

మాస్టారు: తలుపులు తెరిస్తే ప్రతివాడూ కెమెరా కోసమే మాట్లాడతాడు.

శిష్యుడు: కెమెరా వద్దు. ఎవరు ఏమన్నారో రాసి, ఓటింగుకు ముందు బయటపెట్టమనండి.

మాస్టారు: అంతవరకైతే ఒప్పుకుంటాను. లేచి వెళ్లినవాళ్ల పేర్లు కూడా రాయించు.