ఫైబర్ డబ్బా కడితే బాస్ డబుల్ అవుతుందా? వాట్సాప్ మెసేజ్‌కు జవాబు

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ కార్ల గ్రూపుల్లో సబ్ (సబ్‌వూఫర్, అంటే కారులో బాస్ మోత ఇచ్చే పెద్ద స్పీకర్) బిగించే పెట్టె గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ఎమ్‌డీఎఫ్ పెట్టెల కాలం పోయింది. డిక్కీ మూలకు ఫైబర్ డబ్బా కట్టుకోండి, అదే సబ్ డబుల్ బాస్ ఇస్తది. బరువు సగమే. థర్మాకోల్‌తో ఆకారం చేసి, పాత టీషర్టు గుంజి కట్టి, రెండు కోట్లు రెజిన్ పూస్తే చాలు. హార్డ్‌నర్ ఎంత ఎక్కువ పోస్తే అంత గట్టి. మన ఎండకు గంటల తయారైతది. డబ్బా చిన్నగైతే లోపల దూది కుక్కుండ్రి."

(ఎమ్‌డీఎఫ్ అంటే చెక్క పొట్టును నొక్కి చేసిన పలక. ఫైబర్ డబ్బా అంటే గాజు నారను రెజిన్ అనే జిగట ద్రవంతో తడిపి చేసేది. ఆ రెజిన్‌ను గట్టిపరిచేది హార్డ్‌నర్.) ఈ మెసేజ్ మాటల్లో చివరిదాంట్లో మాత్రమే కాస్త నిజముంది. మిగతావి నమ్మి పని మొదలుపెడితే డబ్బులు పోతాయి, ఒక్కోసారి చేతులూ కాలుతాయి.

ముందు "డబుల్ బాస్" సంగతి. తన వెనకాల ఉన్నది చెక్కా, ఫైబరా అన్నది సబ్‌కు తెలియదు. దానికి తెలిసేవి మూడే: లోపల ఎంత గాలి ఉంది, గోడలు కదులుతున్నాయా, ఎక్కడైనా గాలి కారుతోందా. సీల్డ్ పెట్టెకు, అంటే గాలి బయటికి పోయే దారి లేనిదానికి, లెక్క సులువు. సబ్ కాగితంలో ఇచ్చిన వ్యాస్‌ను (Vas: సబ్ బిగువుకు సమానమైన గాలి, లీటర్లలో) పెట్టె లీటర్లతో భాగించి, 1 కలిపి, వర్గమూలం తీసి, క్యూటీఎస్‌తో (Qts: సబ్ తన ఊపును ఎంత అదుపు చేసుకుంటుందో చెప్పే అంకె) గుణిస్తే క్యూటీసీ (Qtc: పెట్టెలో బిగించాక అదే అంకె) వస్తుంది. అది 0.7 చుట్టుపక్కల ఉంటే బాస్ సాఫీగా ఉంటుంది. వ్యాస్ 60 లీటర్లు, క్యూటీఎస్ 0.45, ఎఫ్ఎస్ (Fs: పెట్టె లేకుండా సబ్ సహజంగా ఊగే వేగం) 28 హెర్ట్జ్ ఉన్న 12 అంగుళాల సబ్‌నే తీసుకుందాం. 30 లీటర్ల పెట్టెలో క్యూటీసీ 0.78, రెజొనెన్స్ (పెట్టెలో సబ్ సహజంగా ఊగే వేగం) 48 హెర్ట్జ్ పైచిలుకు. అదే సబ్‌ను 20 లీటర్లలో బిగిస్తే క్యూటీసీ 0.9కి, రెజొనెన్స్ 56కి ఎక్కుతాయి. 30 హెర్ట్జ్ దగ్గర దాదాపు 2 డెసిబెల్స్ పడిపోతాయి. ఆ లోటును ఆంప్‌తో (యాంప్లిఫయర్‌తో) పూడ్చాలంటే పవర్ ఒకటిన్నర రెట్లు దాటాలి. అంటే ఫైబర్ డబ్బాలో బాస్ పెరగకపోవడమే కాదు, చాలాసార్లు తగ్గుతుంది. ఎందుకంటే వంకర ఆకారాన్ని ఎవరూ కొలవరు, కంటితో చూసి "సరిపోద్ది" అంటారు.

కొలవడం పెద్ద పనేమీ కాదు. రెండు పొరలు గట్టిపడ్డాక డబ్బాను సబ్ రంధ్రం పైకి వచ్చేలా పెట్టి, లోపల పల్చని పాలిథీన్ పరిచి, బియ్యమో వడ్లో పోయండి. వాటిని లీటర్ల గీతలున్న బకెట్‌తో కొలిచి పోయాలి, తూకంతో కాదు. (ఉజ్జాయింపుగా పాతిక కిలోల బియ్యం బస్తా 30 లీటర్ల చోటు పడుతుంది.) వచ్చిన లెక్కలోంచి సబ్ మ్యాగ్నెట్, బాస్కెట్ (లోహపు చట్రం) ఆక్రమించే 2 నుంచి 4 లీటర్లు తీసేయాలి. మిగతా పొరలు లోపలివైపు వేస్తే అవీ చోటు తింటాయి. 0.8 చదరపు మీటర్ల గోడ మీద ఇంకో 4 మి.మీ. పెరిగితే 3 లీటర్లు పోయినట్టే.

"రెండు కోట్లు చాలు" అన్నది అన్నిట్లోకీ ఎక్కువ నష్టం చేసే మాట. రెజిన్ పీల్చిన టీషర్టు గుడ్డ ఆకారాన్ని నిలబెట్టే అచ్చు మాత్రమే, గోడ కాదు. గోడ కావాలంటే చాప్డ్ మ్యాట్ (తుంచిన గాజు నారల చాప) వేయాలి. 450 జీఎస్ఎం (చదరపు మీటరుకు 450 గ్రాముల) మ్యాట్ ఒక పొరకు రమారమి 1 మి.మీ. మందం ఇస్తుంది. వంపు తిరిగిన చోట 5, 6 పొరలు పడాలి. చదునుగా ఉన్న చోట అవి కూడా చాలవు. పలక బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 5 మి.మీ. చదును ఫైబర్ కన్నా 18 మి.మీ. ఎమ్‌డీఎఫ్ పలక 20 రెట్లకు పైగా బిగువుగా ఉంటుంది. మ్యాట్ ఫైబర్ పదార్థంగా ఎమ్‌డీఎఫ్ కన్నా రెట్టింపు గట్టిదని లెక్కేసినా ఇదే పరిస్థితి. చదునులో చెక్కతో సమానం కావాలంటే ఫైబర్ 14 మి.మీ. దాటాలి. ఫైబర్ బలమంతా వంపులోనే ఉంది, కోడిగుడ్డు పెంకులాగా. అందుకే సీటు వెనక తగిలే చదును భాగాన్ని ఎమ్‌డీఎఫ్‌తోనే చేసి, మూల వంపుల్ని ఫైబర్‌తో కలపాలి. లేదా లోపల చెక్క బద్దలు అతికించి వాటి మీద మ్యాట్ వేయాలి. పిడికిలితో తట్టి చూడండి. డప్పులా మోగితే ఇంకా పొరలు కావాలి.

ఇక "బరువు సగం". ఆ 0.8 చదరపు మీటర్లకు 6 పొరలంటే మ్యాట్ 2.2 కిలోలు. రెజిన్ మ్యాట్ బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్లు పడుతుంది, అంటే 5 కిలోల దాకా. పైన సబ్‌ను బిగించే ఎమ్‌డీఎఫ్ రింగు, పుట్టీ కలిపితే 9 కిలోలు దాటుతుంది. 30 లీటర్ల నలుచదరపు 18 మి.మీ. ఎమ్‌డీఎఫ్ పెట్టె కూడా 9 కిలోలే. తేలిగ్గా ఉన్న ఫైబర్ డబ్బా అంటే పొరలు ఎగ్గొట్టిన డబ్బా.

థర్మాకోల్ గురించి రెండు ముక్కలు చాలు. పాలిస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది, అది థర్మాకోల్‌ను కరిగించి గుంట చేస్తుంది. డిక్కీ మూలనే అచ్చుగా వాడుకోండి: మాస్కింగ్ టేపు రెండు వరుసలు, పైన అల్యూమినియం ఫాయిల్, దాని మీద మైనం పాలిష్. అక్కడ రెండు పొరలు వేసి, గట్టిపడ్డాక ఊడదీసి, మిగతా పొరలు బయట పెట్టుకుని వేయాలి. మ్యాట్‌ను కత్తిరించకుండా చేత్తో చింపితే అంచులు కలిసిపోతాయి. రోలర్‌తో ఒత్తాక ఎక్కడైనా తెల్లగా కనిపిస్తే అక్కడ రెజిన్ చేరలేదన్నమాట. రేపు గాలి కారేది అక్కడే.

హార్డ్‌నర్ విషయంలో తమాషా లేదు. ఎంఈకేపీ హార్డ్‌నర్ కొలత రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం. కిలోకు 10 నుంచి 20 గ్రాములు, చిన్న డిజిటల్ కాంటా మీద తూచాలి. ఎక్కువైతే గిన్నెలోనే వేడెక్కి పొగలొస్తాయి, గోడ పెళుసై పగుళ్లిస్తుంది. 1 శాతం కన్నా తగ్గితే ఎన్ని రోజులైనా పూర్తిగా ఆరదు. మన దగ్గర రెజిన్, కోబాల్ట్ యాక్సిలరేటర్ (గట్టిపడటాన్ని వేగం చేసేది), హార్డ్‌నర్ విడివిడిగా అమ్మే చోట్ల ఇంకో ప్రమాదం ఉంది. కోబాల్ట్‌ను, హార్డ్‌నర్‌ను నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే భగ్గుమంటుంది, పేలవచ్చు కూడా. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలపాలి, ఆ తర్వాతే హార్డ్‌నర్. రెండిటికీ ఒకే మూత, ఒకే సిరంజి వాడొద్దు. హార్డ్‌నర్ కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లకు రక్షణ అద్దాలు (గాగుల్స్) లేకుండా సీసా తెరవకండి. పడితే వెంటనే 15 నిమిషాలు నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

"మన ఎండకు గంటలో తయార్" అంటున్నారు. మన ఎండే ఇక్కడ శత్రువు. స్టైరీన్ ఆవిరి 31, 32 డిగ్రీల దగ్గరే నిప్పు అందుకునే స్థితికి వస్తుంది. మే నెలలో రామగుండంలోనో వరంగల్‌లోనో పగలు 40 దాటుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, డిక్కీ అడుగున పేరుకుంటుంది. డిక్కీలో పొరలు వేసేటప్పుడు డోర్లన్నీ తీసి, బ్యాటరీ తీగ విప్పి, దగ్గర్లో బీడీ, సిగరెట్ లేకుండా చూసుకోవాలి. ముక్కుకు కట్టుకున్న దస్తీ ఏమీ ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. వేసవిలో పొద్దున 9 లోపు నీడలో, ఒక్కోసారి 300, 400 గ్రాములు మాత్రమే కలిపి, కోబాల్ట్ తగ్గించి వేయాలి. ఒకే దెబ్బకు నాలుగైదు పొరలు వేసి ఎండలో పెడితే లోపలి వేడికి రెజిన్ ముడుచుకుని రింగును వంచేస్తుంది. వంగిన రింగు మీద సబ్ గ్యాస్కెట్ (గాలి కారకుండా అంచుకు ఉండే పట్టీ) కూర్చోదు. పైన ఎన్ని పుట్టీలు రాసినా ఆ లీకు పోదు.

దూది మాటకొద్దాం. దూది కాదు గానీ, దిండ్లలో వాడే రెక్రాన్ ఫైబర్‌ను వదులుగా విడదీసి నింపితే సబ్‌కు పెట్టె కాస్త పెద్దదిగా తోస్తుంది. ఆచరణలో 10 నుంచి 20 శాతం. ఘనపుటడుగుకు, అంటే 28 లీటర్లకు, 400 నుంచి 450 గ్రాములు సరిపోతుంది. సబ్ వెనక వెంట్ రంధ్రానికి అడ్డం రాకూడదు. కుక్కితే మాత్రం అదే చోటును ఆక్రమించడం మొదలుపెడుతుంది. 20 లీటర్ల డబ్బా దీనితో 24 దాకా పోవచ్చు, 30 కాదు. సబ్ కింద ఇంకో 18 మి.మీ. రింగు చేర్చి సర్దుదామన్నా, 28 సెంటీమీటర్ల లోపలి వ్యాసానికి దక్కేది లీటరు పైన కొంచెమే. మిగతా లోటు తీరాలంటే ముందు ముఖాన్ని కోసి, రింగును ముందుకు జరిపి, మళ్లీ గుడ్డ గుంజి కట్టాల్సిందే.